పక్క వాటాలో అమ్మవారు

అనుమానపు కేసుల రిజిస్టర్లో ఏడు గడులు ఉండేవి. ఆరో గడి 'సమాచారం ఇచ్చినవారు'. ఆ రోజు పాత పట్నం సందుల్లో పొద్దుటి నుంచీ తిరిగి, మధ్యాహ్నం ఆఫీసుకు వచ్చి, కుండలో నీళ్లు ముంచుకుని తాగుతూ, తెరిచి ఉన్న రిజిస్టర్లోకి ఊరికే తొంగి చూశాను. చివరి వరసలో, ఆరో గడిలో, మా అమ్మాయి పేరు ఉంది. ఇంటిపేరుతో సహా. కింద 'మూడో తరగతి' అని కూడా రాశారు. సిరా ఇంకా తడిగానే ఉంది.

గ్లాసు కింద పెట్టాను. ఆ వరసను వెనక నుంచి ముందుకు చదువుకుంటూ వెళ్లాను. ఐదో గడి: జ్వరం, ఒంటి మీద పొక్కులు. నాలుగో గడి: ఆడ, పదకొండేళ్లు. మూడో గడి: కంచరపాలెం, మా వీధి, మా ఇంటి నంబరు, పక్క వాటా.

ఏం జరిగిందో నాకు ఆ క్షణంలోనే పూర్తిగా అర్థమైపోయింది. అందుకే అంత భయం వేసింది.

"ఏటమ్మా, ఊరందరికీ ఆ కార్డు సూపిత్తన్నావు. నీ గోడకవతల కేసు ఉంటే మాకు సెప్పనేదేటి?" అన్నారు మా ఇన్‌స్పెక్టరు గారు, కుర్చీలో వెనక్కి వాలి. ఆయన గొంతులో కోపం కన్నా ఉత్సాహం ఎక్కువగా ఉంది. "ఈ పొద్దున మీ గుంట సదివే బడికే ఎల్లినాను. ఇలగా ఎవులికైనా ఉందేటర్రా అని అడిగినానో నేదో, లేచి నిలబడిపోనాది. మా పక్క వాటా అక్కకి అమ్మవారు పోసింది, గదిలో మూల కూకోబెట్టేరు, ఎవుల్నీ ముట్టుకోనివ్వరు, మా అమ్మే సెప్పింది అన్నాది. మీ అమ్మ ఎవులే అంటే, మా అమ్మదీ మీ ఆఫీసే అన్నాది!"

పక్కనే ఉన్న జీపు డ్రైవరు పగలబడి నవ్వాడు. నేను కూడా నవ్వినట్టే పెదాలు కదిపాను.

ఇప్పుడు ఆరోగ్యశాఖలో కొత్తగా చేరుతున్న అమ్మాయిలకు మా ఉద్యోగం ఏమిటో తెలియకపోవచ్చు. డెబ్బైల మధ్యలో, అంటే ఇప్పటికి మూడేళ్ల కిందట, మశూచిని దేశంలో లేకుండా చెయ్యాలని ఊరూరా గాలింపు జరిగింది. నాలాంటి వాళ్లను తాత్కాలికంగా తీసుకున్నారు. ఒళ్లంతా పొక్కులు పోసిన ఒక పిల్లవాడి ఫోటో ఉన్న కార్డు ఇచ్చేవారు. దాన్ని పట్టుకుని బళ్లకూ, సంతలకూ, భీమిలి బస్సులు ఆగే చోటికీ వెళ్లి, ఇలాంటిది ఎక్కడైనా చూశారా అని అడగాలి. చూపించినవారికి బహుమానం ఉందని గోడల మీద రాశారు. మేము ఎంత బాగా పనిచేస్తే అంత త్వరగా ఊడిపోయే ఉద్యోగం అది. చివరికి అలాగే ఊడిపోయింది కూడా. ఊడినందుకు అందరూ చప్పట్లు కొట్టిన ఉద్యోగం నాకు తెలిసి అదొక్కటే.

పెద్దవాళ్లు దాస్తారు, పిల్లలు దాచరు అని మాకు శిక్షణలో చెప్పారు. అందుకే బళ్లలో ఎక్కువగా అడిగేవాళ్లం. నేను కూడా ఎన్ని తరగతి గదుల్లో నిలబడి, "చూడండమ్మా, ఏదీ దాచకూడదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి" అన్నానో లెక్కలేదు. ఆ మాటను మా అమ్మాయి ఇంట్లో నా వెనక నిలబడి, నాలాగే కొంగు దోపుకుని, తమ్ముడికి అప్పజెప్పేది. వాడికి ఐదేళ్లు. వాడు పొక్కుల పిల్లవాడి వేషం వేసేవాడు.

మేము చేరేనాటికే ఊళ్లో మశూచి కనబడటం మానేసింది. అందుకే ప్రతి అనుమానమూ పెద్ద విషయమే. ఒకసారి రిజిస్టర్లోకి ఎక్కితే కొట్టివేయడానికి వీల్లేదు. ఆ రోజే ఎవరో ఒక ఉద్యోగి వెళ్లి రోగిని స్వయంగా చూడాలి. ఏమాత్రం సందేహం ఉన్నా డాక్టరు గారు వస్తారు, గుమ్మానికి కాపలా పెడతారు, చుట్టుపక్కల ఇళ్లన్నిటికీ టీకాలు వేస్తారు. వీధి వీధంతా గుమిగూడుతుంది.

కాని పక్క వాటాలో మశూచి లేదు. పెద్దమనిషైన ఒక పిల్ల ఉంది, అంతే. ఆ సంగతి నాకు ఎనిమిది రోజులుగా తెలుసు.

పక్క వాటావాళ్లది గోదావరి జిల్లా. ఆయన పోర్టులో క్రేను నడుపుతారు. ఆవిడ నన్ను వదినగారూ అంటుంది, నేనూ ఆవిడను వదినగారూ అంటాను. ఆవిడ అత్తగారు కూడా వాళ్లతోనే ఉంటుంది. ఒక్కతే కూతురు, ఆరో తరగతి. గట్టిగా పదకొండేళ్లు నిండలేదు. లెక్కల్లో ఎప్పుడూ ముందుండేది. మా అమ్మాయికి ఎక్కాలు నేర్పింది ఆ పిల్లే. ఎనిమిది రోజుల కిందట సాయంత్రం వదినగారు పెరటి దారిన వచ్చి, నా రెండు చేతులూ పట్టుకుంది.

"అదీ... పిల్ల పెద్దదయిందండీ. మీకు దణ్ణం పెడతాను, ఈ మాట మీ గుమ్మం దాటకూడదండి."

"దానికి దణ్ణాలెందుకు వదినగారూ? సంతోషమే కదా."

"మా తమ్ముడికి తెలిస్తే సంతోషమేనండి," అంది ఆవిడ. తమ్ముడికి ఇరవై ఐదేళ్లు. రైల్వేలో పని. ఈ పిల్ల ఉయ్యాల్లో ఉన్నప్పుడే పెద్దవాళ్లు మాట అనుకున్నారు. "తెలిసిన మర్నాడే తాంబూలాలంటాడు. బడి మాన్పించెయ్యమంటాడు. ఇంకో పన్నెండు రోజుల్లో దానికి పెద్ద పరీక్షలండి. ఏడో తరగతిలోకి వెళ్లిపోతే, అప్పుడు కాళ్లావేళ్లా పడైనా చదివించుకుంటాను. అప్పటిదాకా ఎవ్వరికీ తెలియకూడదు."

అత్తగారితో ఒక ఒడంబడిక కుదిరింది. పెద్దావిడ ఎవరికీ చెప్పదు. బదులుగా ఆచారంలో ఏమీ తగ్గకూడదు. పదకొండు రోజులు పిల్ల మూల గదిలో తాటాకు చాప మీద కూర్చోవాలి, ఎవరినీ ముట్టుకోకూడదు, కంచమూ గ్లాసూ వేరే. దిష్టి తగలకుండా గుమ్మానికి వేపరెమ్మ గుచ్చింది. బడికి జ్వరమని చీటీ పంపారు.

ఎవరికీ చెప్పనని నేను ఒట్టు వేశాను. వెళ్తూ వెళ్తూ ఆవిడ ఇంకొక మాట అంది.

"అది బెదిరిపోయి ఉందండి. నాకు నోరు రావట్లేదు. మీరు చదువుకున్నవాళ్లు, నాలుగు మాటలు చెప్పండి దానికి."

చెప్తానన్నాను. మర్నాడు వెళ్లి గది బయట నిలబడ్డాను. నేను బియస్సీ జువాలజీ. కప్ప అండాశయం బొమ్మను కళ్లు మూసుకుని గీసి, భాగాల పేర్లు రాసి, ఇరవైకి పద్దెనిమిది మార్కులు తెచ్చుకున్నాను. మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న ఆ పిల్ల నా వైపు చూసేసరికి ఒక్క మాట రాలేదు. "ఏం ఫరవాలేదమ్మా, తర్వాత మాట్లాడుకుందాం, పుస్తకాలు చదువుకో" అని వచ్చేశాను. ఆ తర్వాత రోజూ ఏదో ఒక పని అడ్డు వచ్చింది. పనులు అలా అడ్డు రావాలని నేనే చూసుకున్నాను.

ఆ మధ్యాహ్నమే మా అమ్మాయి అడిగింది. "అక్క ఎందుకు బయటికి రావట్లేదు? నేను వెళ్తే బామ్మగారు ముట్టుకోకు ముట్టుకోకు అని అరిచారు. ఏటయింది అక్కకి?"

ఎనిమిదేళ్ల పిల్లకు ఏం చెప్పను? నిజం చెప్తే వీధిలో చెప్పేస్తుందని ఒక భయం. నిజం చెప్పడానికి మాటలు లేకపోవడం రెండో భయం. నిజానికి రెండోదే పెద్దది. గదిలో మూల, వేపరెమ్మ, ఎవరూ ముట్టుకోకూడదు, జ్వరం చీటీ. నా నోటికి ఏది సిద్ధంగా ఉందో అదే వచ్చింది.

"అక్కకు అమ్మవారు పోసింది. దగ్గరికి వెళ్లకు."

పొద్దున్న లేస్తే ఆ జబ్బు కోసం ఊరంతా వెతికే మనిషిని. నా కూతురికి దాని అడ్రసు చెప్పాను.

రిజిస్టర్లో పేరు చూసిన మధ్యాహ్నం, ఆఫీసులో నేను రెండో తప్పు చేశాను. ఇన్‌స్పెక్టరు గారు పెద్దవారు, నలుగురు ఆడపిల్లల తండ్రి. పక్కకు పిలిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. కాని ఒట్టు వేశాను కదా. పైగా డ్రైవరూ, ఇద్దరు గుమాస్తాలూ నా మొహమే చూస్తున్నారు. "ఎండాకాలం కదండీ, ఏ చెమటకాయలో అయి ఉంటాయి" అని గొణిగాను.

"సెమటకాయలకి గదిలో కూకోబెట్టి, ముట్టుకోవద్దంటారేటమ్మా? నువ్వు కళ్లారా సూసావా?"

"లేదండి."

"పక్కింట్లో ఉండి సూళ్లేదా?" ఈసారి గొంతులో ఉత్సాహం పోయింది. "డాక్టరు గారు పరవాడ కాంపుకెళ్లారు, సాయంకాలం వత్తారు. ఈలోగా మనం ఎల్దాం. పద."

జీపులో వెనక కూర్చున్నాను. జ్ఞానాపురం దాటేదాకా ఎలా చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. రైలు గేటు పడింది. ఖనిజం వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి పోతూ ఉంటే, ఇక చెప్పేస్తాను, ఇక చెప్పేస్తాను అనుకున్నాను. గేటు ఎత్తారు. చెప్పలేదు.

ఒంటిపూట బడులు కావడంతో వీధి పిల్లలందరూ ఇళ్ల దగ్గరే ఉన్నారు. జీపుకు ఎదురొచ్చిన గుంపులో మా అమ్మాయి అందరికన్నా ముందు ఉంది. "ఇదే ఇల్లండీ, ఇదే!" అని చెయ్యి ఊపుతూ దారి చూపించింది. తమ్ముడు వెనక నుంచి దాని గౌను పట్టుకుని పరుగెత్తుతున్నాడు. జీపులో నన్ను చూసి దాని మొహం వెలిగిపోయింది. తన వల్ల అమ్మ ఆఫీసుకు ఒక కేసు దొరికిందని దాని సంబరం.

వదినగారు గుమ్మంలోకి వచ్చింది. జీపును చూసింది, ఇన్‌స్పెక్టరు గారి చేతిలో రిజిస్టరును చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ చూపును నేను ఇక్కడ వర్ణించలేను. నాకు మాత్రం ఇప్పటికీ గుర్తే.

"ఇంట్లో జొరమొచ్చిన పాప ఉందట. ఒకపాలి సూడాలమ్మా," అన్నారు ఆయన.

"ఎవరూ లేరండి," అంది ఆవిడ.

"అలగంటే ఎలగమ్మా? వేపరెమ్మ కనబడతంది గదా."

లోపలి నుంచి అత్తగారు వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మగాళ్లు ఈ గడప తొక్కడానికి వీల్లేదు బాబూ. మా ఇంటి ఆచారం. పోలీసుల్ని తెచ్చుకున్నా సరే, వీల్లేదంతే."

ఆవిడ మాటలు ఒక్కొక్కటీ పడుతుంటే ఇన్‌స్పెక్టరు గారి మొహం బిగుసుకుపోవడం చూశాను. ఎందుకో నాకు తెలుసు. మశూచిని దాచే ఇళ్లు అచ్చంగా ఇలాగే ఉండేవి. ఎవరూ లేరనడం, తలుపుకు అడ్డం నిలబడటం, వేపరెమ్మ, ఆచారం. ఆ ఇంట్లో ప్రతీదీ కార్డులో ఉన్నట్టే ఉంది, పొక్కులు తప్ప. వెనక గుంపులో అప్పుడే ఎవరో అంటున్నారు, "ఓలమ్మో, పెద్దమ్మవారేనటే! పిల్లల్ని లోనకి లాగండే!"

ఆయన డ్రైవరు వైపు తిరిగారు. "బావా, నువ్వెల్లి ఆఫీసులో కాపలావోళ్లు నలుగుర్నీ తీసుకురా. డాక్టరు గారు దిగగానే సరాసరి ఇక్కడికే తెమ్మని సెప్పు."

డ్రైవరు తాళం చెవి తిప్పాడు. ఆ బండి కదిలితే ఇక ఆగదు. నలుగురు మగవాళ్లు ఆ గుమ్మం ముందు కూర్చుంటారు. డాక్టరు గారు ఆ పిల్ల చొక్కా విప్పి చూస్తారు. ఏమీ లేదని తేలాక, మరి గదిలో ఎందుకు కూర్చోబెట్టారని వీధి అడుగుతుంది, జవాబు కూడా వీధే చెప్పుకుంటుంది. సాయంత్రానికి మేనమామ వస్తాడు.

జీపు ముందుకు వెళ్లి నిలబడ్డాను. "ఆగండి" అని, ఇన్‌స్పెక్టరు గారిని బండి పక్కకు పిలిచాను. వీధికి వినపడకుండా చెప్పాను.

"పొక్కులు లేవండి. ఆ పిల్ల పెద్దమనిషి అయింది. అది బయటికి తెలిస్తే బడి మాన్పించేస్తారని వాళ్లమ్మ దాచింది. మా పాప అడిగితే నేనే అమ్మవారని అబద్ధం చెప్పాను. తప్పు వాళ్లది కాదు, మా పాపదీ కాదు."

ఆయన రిజిస్టరు అట్ట మూశారు. తర్వాత తల గోక్కున్నారు.

"ఈ మాట ఆఫీసులో సెప్పేత్తే పోయేది గదమ్మా! నాను మనిషిని కాదేటి?"

"నోరు రాలేదండి."

"బావుంది. ఊరందరి నోళ్లూ తెరిపించే ఉద్యోగం సేత్తన్నావు." ఆయన డ్రైవరును ఆగమని సైగ చేశారు. "అయినా రిజిస్టర్లోకి ఎక్కిపోయింది. సూడకుండా ఏడో గడి నింపనేను. ఆ పాపని కిటికీ కాడికి రమ్మను. మొహం, అరిసేతులు. అంతకన్నా అక్కర్లేదు. మశూచి అయితే అరిసేతుల్లో దాగదు."

పెరటి వైపు మూల గదికి ఒక చిన్న కిటికీ ఉంది. గుంపును డ్రైవరు ముందు వైపే ఆపేశాడు. నేను, వదినగారు, ఇన్‌స్పెక్టరు గారు మాత్రం పెరట్లోకి వెళ్లాం. వదినగారు నాతో మాట్లాడలేదు. లోపలికి "అమ్మలూ, చేతులు బయట పెట్టు" అని మాత్రం అంది.

కిటికీ ఊచల మధ్య నుంచి రెండు చేతులు బయటికి వచ్చాయి. సన్నటి చేతులు. ఆయన ముట్టుకోకుండా వంగి చూశారు. "బాగున్నాయి తల్లీ. ఇప్పుడు మొహం ఇలగా వెలుగులోకి పెట్టు." పిల్ల మొహం ఊచల దగ్గరికి వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి. అంతే, ఇంకేమీ లేదు.

"ఏటీ నేదు. శుభ్రంగా ఉంది," అన్నారు ఆయన.

ఆ పిల్ల ఆయన్నే చూస్తూ అడిగింది. "పొక్కులు ఎప్పుడొస్తాయి తాతగారూ?"

అడుగుతూనే అరచేతులు తిరగేసి చూసుకుంది.

"రోజూ అద్దంలో చూసుకుంటున్నానండి. ఇంకా రాలేదు. చెల్లి చెప్పింది నాకు అమ్మవారని. లోపల పోసిందేమో, అందుకే రక్తం వస్తోందేమో అనుకున్నాను. లోపల పోస్తే బతకరా అండి?"

చెల్లి అంటే మా అమ్మాయి. ఆరు రోజుల కిందట ఈ కిటికీ దగ్గరికే వచ్చి, "అక్కా, నీకు అమ్మవారట, అందుకే నీతో మాట్లాడకూడదట, అమ్మ చెప్పింది" అని గుసగుసగా చెప్పి పారిపోయిందట. నేను చెప్పిన అబద్ధం గోడ చుట్టూ తిరిగి ఆ పిల్లకు చేరింది. తనకేమయిందో ఆ పిల్లకు చెప్పినవాళ్లు ఇంకెవరూ లేరు. వాళ్లమ్మ చెప్పలేదు, బామ్మ చెప్పలేదు, బియస్సీ చదివిన నేను చెప్పలేదు. దొరికింది ఆ ఒక్క మాటే. దాన్ని పట్టుకుని, పరీక్షల పుస్తకాల పక్కన పగిలిన అద్దం ముక్క పెట్టుకుని, ఆరు రోజులు పొక్కుల కోసం ఒళ్లంతా వెతుక్కుంది. చచ్చిపోతానేమోనని ఎవరినీ అడగలేదు, ఎందుకంటే ఎవరికీ చెప్పవద్దని వాళ్లమ్మ చెప్పింది కదా.

వదినగారు కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇన్‌స్పెక్టరు గారు నా వైపు తిరిగి మెల్లగా అన్నారు. "నాను సెప్పే జబాబు కాదమ్మా ఇది. ఎల్లు లోనకి."

వెళ్లాను. ఇంటి చుట్టూ తిరిగి, అత్తగారిని దాటుకుని, మూల గదిలోకి వెళ్లి, తాటాకు చాప మీద ఆ పిల్ల పక్కన కూర్చున్నాను. "అయ్యో, ముట్టుకున్నారు! ఇప్పుడు తలారా స్నానం చేస్తే గాని..." అని పెద్దావిడ కేకలేసింది. "అలాగే చేస్తానండి" అని పిల్లను దగ్గరికి తీసుకున్నాను.

ఏం చెప్పానో పూర్తిగా గుర్తులేదు. జువాలజీ పుస్తకంలో మాటలు ఒక్కటీ వాడలేదని మాత్రం గుర్తుంది. నీకు ఏ జబ్బూ లేదన్నాను. ఇది నాకూ వచ్చింది, మీ అమ్మకూ వచ్చింది, ఇప్పుడు అరుస్తున్న మీ బామ్మగారికీ ఒకప్పుడు వచ్చిందన్నాను. ఆడవాళ్ల కడుపులో బిడ్డ పెరగడానికి ఒక చిన్న సంచి ఉంటుంది, అది బిడ్డ కోసం లోపల మెత్తగా పరుపు వేసుకుంటుంది, బిడ్డ లేనప్పుడు ఆ పరుపు అక్కర్లేక కరిగి బయటికి వచ్చేస్తుంది, మళ్లీ నెలకు కొత్తది వేసుకుంటుంది అన్నాను. లోపల ఏదీ తెగలేదు, ఏదీ పాడవలేదు అన్నాను.

"నేను గోడ దూకినందుకు కాదా అత్తయ్యగారూ?"

"కాదమ్మా. ఎన్ని గోడలైనా దూకవచ్చు."

"పరీక్షకు వెళ్లవచ్చా?"

"తప్పకుండా వెళ్లవచ్చు."

అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా ఏడ్చినట్టు కాదు, చిన్నపిల్లలు ఏడ్చినట్టు గట్టిగా. గుమ్మంలో పెద్దావిడ కేకలు ఆగిపోయాయి. నేను వెనక్కి చూసేసరికి ఆవిడ కళ్లు తుడుచుకుంటోంది. "నన్ను కూర్చోబెట్టినప్పుడు నేనూ చచ్చిపోతాననే అనుకున్నాను లెండి," అంది ఎవరితోనో అన్నట్టుగా.

బయట ఇన్‌స్పెక్టరు గారు వీధి సంగతి చూసుకున్నారు. "సెమటకాయలర్రా, ఏటీ నేదు. ఎండలు గదా. జొరం తగ్గిపోనాది," అని గట్టిగా చెప్పి, అందరూ చూస్తుండగా ఏడో గడిలో 'చెమటకాయలు' అని రాశారు. జనం ఇంకా కదలకపోయేసరికి, "ఎలగూ వచ్చినాం గదా, టీకా లేనోళ్లు రండి" అని రెండు మొనల సూది బయటికి తీశారు. రెండు నిమిషాల్లో వీధి ఖాళీ అయిపోయింది. మా అమ్మాయి ఒక్కతే నిలబడి ఉంది.

"మరి నాకు బహుమానం ఏదండి?"

"అమ్మవారుంటే బహుమానం ఉండేదమ్మా. ఇప్పుడు టీకాయే ఉంది. సెయ్యి సాపు."

దానికి పాత టీకా మచ్చ ఉంది, అయినా వేశారు. మొహం ముడుచుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది.

జీపు ఎక్కే ముందు ఆయన ఆగారు. "మా ఇంట్లో నలుగురమ్మా. ఇద్దరు ఇప్పటికే పెద్దోళ్లయిపోనారు. మా ఆవిడ ఆళ్లకి ఏటి సెప్పిందో నాను అడగనేదు. బహుశా ఏటీ సెప్పుండదు." రిజిస్టరు చంకలో పెట్టుకున్నారు. "సిన్నది ఉంది ఇంకా. తొమ్మిదేళ్లు. నువ్వొకపాలి మా ఇంటికి రావాల."

వెళ్లాను. ఆ ఇంటికే కాదు, తర్వాత చాలా ఇళ్లకు వెళ్లాను. మశూచి ఉద్యోగం పోయాక ఈ మాటలు చెప్పడమే నా ఉద్యోగమయింది. అది వేరే సంగతి.

వదినగారు నాతో నెలరోజులు మాట్లాడలేదు. ఒట్టు తప్పాను, ఆవిడ కోపంలో న్యాయం ఉంది. పిల్ల పరీక్షలు రాసింది. లెక్కల్లో మొదటి స్థానం కాదు, మూడోది వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో మేనమామకు సంగతి తెలిసి పెద్ద గొడవే చేశాడు. అప్పటికి పిల్ల ఏడో తరగతికి పాసైపోయింది. ఆ గొడవలో పెద్దావిడ మనవరాలి వైపు మాట్లాడిందని తర్వాత వదినగారే నాకు చెప్పింది. అలా చెప్పడంతోనే మళ్లీ మాటలు కలిశాయి.

పిల్లలు నిద్రపోయాక ఇదంతా రాస్తున్నాను. మా అమ్మాయికి ఇప్పుడు పదకొండు. దాని నిద్రలో చిన్న మూలుగు వినబడినా లేచి వెళ్లి చూసే స్వభావం నాది, ఇప్పటికీ పోలేదు. భయం పోయాక మాట్లాడదామని ఎవరైనా అంటే నమ్మకండి. నా భయం పోలేదు. భయపడుతూనే చెప్పడం మాత్రం అలవాటైంది. మా పిల్లలకు మొదటిసారి చెప్పింది జీపు వచ్చిన మర్నాడు ఉదయం.

మా వారు రాత్రి షిఫ్టు నుంచి ఇంకా రాలేదు. పిల్లలిద్దరూ వంటింట్లో పీటల మీద కూర్చుని ఉప్మా తింటున్నారు. అమ్మాయి ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. సూది గుచ్చిన చోట వాచింది. పళ్లెం ముట్టుకోవడం లేదు.

"నేను అబద్ధం చెప్పానని బడిలో అందరూ అంటారు," అంది తల వంచుకుని.

నేను వాళ్ల ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"నువ్వు అబద్ధం చెప్పలేదు. నువ్వు విన్నది విన్నట్టు చెప్పావు. అబద్ధం చెప్పింది నేను. అక్కకు అమ్మవారు పోయలేదు," అన్నాను. పిల్లలిద్దరూ నన్ను వింతగా చూశారు. తల్లులు అలా ఒప్పుకుంటారని వాళ్లకు అప్పటిదాకా తెలియదు.

అక్కకు చెప్పిందంతా చెప్పాను. సంచి, పరుపు, రక్తం, అన్నీ. ఇది అక్క సొంత సంగతి కాబట్టి వీధిలో చెప్పకూడదని, కాని మన ఇంట్లో నన్ను ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా అడగవచ్చని చెప్పాను. అమ్మాయి నోరు తెరుచుకుని వింది.

"నాకూ వస్తుందా?"

"వస్తుంది. ఇంకో మూడు నాలుగేళ్లకో, ఇంకా కొంచెం ఆలస్యంగానో. నొప్పిగా ఉంటే పడుకుందువుగాని. లేకపోతే ఆడుకుందువుగాని. నిన్ను మూల కూర్చోబెట్టను."

"ఒట్టు?"

ఒట్టు అనే మాటకు నాకు భయం వేసింది. అయినా వేశాను.

"మరి నాకు?" అన్నాడు చిన్నవాడు, తనను వదిలేశారేమోనని.

"నీకు అది రాదు నాన్నా. నీకు గొంతు మారుతుంది, మీసాలు వస్తాయి. అప్పుడు నీకు ఇంకేమేం అవుతుందో నాన్న చెప్తారు. నాన్న చెప్పకపోతే నేను చెప్తాను."

వాడు కాసేపు ఉప్మా కెలికాడు. "సంచిలో పిల్లలు ఉంటారన్నావు కదా. మరి నన్ను తవుడుకి కొన్నామన్నావు?"

అమ్మాయి నా మొహంలోకి చూసింది. ఈసారి ఏం చెప్తానో చూద్దామన్నట్టు చూసింది. గోడ గడియారం బడికి ఇంకా పావుగంటే ఉందని చూపిస్తోంది. రోజూ అయితే ఆ పావుగంటే నాకు సాకు అయ్యేది.

"నిన్ను ఎవరి దగ్గరా కొనలేదురా," అన్నాను. "నా ఒంట్లో ఒక చిన్న గుడ్డు ఉంది. నాన్న ఒంట్లోంచి ఒక చిన్న గింజ వచ్చింది. రెండూ కలిసి నువ్వయ్యావు. అంతకు ముందు అలాగే అక్కయింది. తొమ్మిది నెలలు నా కడుపులో పెరిగి, నాకు బాగా నొప్పి పెట్టి బయటికి వచ్చారు. అవి ఎలా కలుస్తాయో, మీరు ఎక్కడి నుంచి బయటికి వచ్చారో కూడా చెప్తాను. కూర్చోండి. బడికి ఆలస్యమైతే నేనే వచ్చి మాస్టారికి చెప్తాను."